గుర్వమ్మ వయసు లెక్క

మర్రిగూడ మండలంలోని ఒక ఊరి ఉన్నత పాఠశాల. పదో తరగతి ప్రీఫైనల్ జవాబు పత్రాలు పంచిన మర్నాడు, మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక, ఖాళీ క్లాసు గదిలో లెక్కల టీచర్ మంజులత. ఆమె ఎదురుగా నిహారిక, ఆ పిల్ల అవ్వ గుర్వమ్మ.

"సున్న ఎందుకు పెట్టినవో గది చెప్పు టీచరమ్మా. నా మనవరాలు అబద్ధం రాసిందా?"

"అబద్ధమని కాదవ్వా. ముందు మీరు కూసోండి. నిహారికా, ఆ కుర్సీ ఇటు జరుపు."

"నేను కూసోను. గొర్లను ఇంకొకలకు అప్పజెప్పి వచ్చిన. నాలుగు మార్కుల లెక్కకు సున్న! నిజం రాసిన పిల్లకు సున్న పెట్టుడు ఏ ఊరి న్యాయం?"

"అసలు ఏం రాసిందో మీకు చెప్పిందా?"

"చెప్పింది. నా గురించే రాసిందట."

"నిహారికా, చదువు. నువ్వు రాసింది నువ్వే చదువు, గట్టిగ."

"వద్దు మేడం."

"రాసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? ముందు ప్రశ్న చదువు. తర్వాత నీ జవాబు."

"'ఒక అవ్వ వయస్సు రెండంకెల సంఖ్య. ఆ అంకెల మొత్తం తొమ్మిది. అంకెలను తారుమారు చేస్తే ఆమె కొడుకు వయస్సు వస్తుంది. అవ్వ తన కొడుకు కంటే ఇరవై ఏడేళ్లు పెద్దది అయితే, ఆమె వయస్సెంత?'"

"ఊ. జవాబు?"

"'మా అవ్వ వయసు మా అవ్వకే తెల్వదు. ఆధార్ కార్డుల ఉన్నది ఉత్తదే. అవ్వకే తెల్వనిది నాకెట్ల తెలుస్తది? కాబట్టి ఈ లెక్క చెయ్యరాదు.'"

"విన్నరా అవ్వా?"

"విన్న. అండ్ల తప్పేమున్నది? ఒక్క అక్షరం తప్పు జూపియ్యి."

"అక్షరం తప్పు లేదు. తెలుగు పరీక్షల రాస్తే నాలుగుకు నాలుగు ఏస్తుంటిమి. ఇది లెక్కల పరీక్ష."

"లెక్కలల్ల నిజం చెప్పద్దా? కార్డు సంగతి నేను చెప్త ఇను. కార్డు రాసే పిలగాడు నా మొకం జూసిండు, జనవరి ఒకటి అని కొట్టిండు. నాకొక్కదానికే కాదు. మా వాడకట్టుల ముసలోళ్లమంత జనవరి ఒకటినే పుట్టినం. ఒక్కనాడు గంతమందికి మంత్రసాని యాడ దొరికిందో!"

"నవ్వకు నిహారికా. అవ్వా, ఈ ప్రశ్న మీ గురించి కాదు. ఎవరో ఒక అవ్వ గురించి."

"ఎవలామె? మన దిక్కేనా?"

"ఎవరూ కాదు. ఉత్తగ అనుకున్న అవ్వ."

"లేదా ఆమె?"

"లేదు."

"లేని అవ్వకు కొడుకెట్ల పుట్టిండు?"

"మేడం, నేను గదే అడుగుదామనుకున్న..."

"నువ్వు ఊకో నిహారికా. అవ్వా, నా బాధ మీకు చెప్పాలె. ఈ పిల్లకు సమీకరణం రాసిస్తే నిమిషంల చేసి పడేస్తది. అదే లెక్క మాటలల్ల ఇస్తే పెన్ను పక్కకు పెడ్తది. లేకుంటే ఇట్ల కథలు రాస్తది. పేపరుల మాటల లెక్కలు ఎన్నుంటే అన్ని ఇడిసిపెట్టింది. వచ్చే నెల అసలు పరీక్ష. పాలిటెక్నిక్ చదువుత అంటది. ఇట్లయితే సీటు ఎట్లొస్తది?"

"అట్ల ఇడిసిపెడ్తున్నవా బిడ్డా? గా ముచ్చట ఇంట్ల చెప్పకపోతివి."

"లేని మనుషుల లెక్కలు నాకు బుర్రకెక్కయి అవ్వా. ఎవరో పడవల ఎదురుపోతడు, మళ్ల వాలుకు వస్తడు. ఎందుకు పోయిండో చెప్పరు. ఇంకో లెక్కల ట్యాంకుకు ఒక దిక్కు పైపు పెట్టి నింపుతరు, ఇంకో దిక్కు పైపు పెట్టి ఖాళీ చేస్తరు."

"నింపుకుంట ఖాళీ చేసుడా?"

"అవును. ఎన్ని గంటలకు నిండుతదో చెప్పాలె."

"మంచినీళ్ల కోసం మనం గంత తన్లాడితిమి, వీళ్లు నీళ్లు ఇడిసిపెట్టుకుంట లెక్కలు చేస్తున్నరా? ఆ పైపు బందు పెట్టుమను ముందు."

"అవ్వా, మీరు కూడ ఇట్లంటే నేనెవరికి చెప్పుకోవాలె?"

"సరే, నేనేమనను. ఇంతకు ఆమెకెన్నేండ్లు?"

"ఎవరికి?"

"గా లేని అవ్వకు. చెప్పు, నాకు గూడ తెల్వాలె."

"చెప్త. నిహారికా, చాక్‌పీసు తీస్కొని బోర్డు కాడికి రా. నేను అడుగుత, నువ్వు చెప్పు. పదుల అంకె x, ఒకట్ల అంకె y. అంకెలు తిప్పితే ఎంత తగ్గింది?"

"ఇరవై ఏడు."

"తిప్పితే వచ్చే తేడా ఎప్పుడైన ఆ రెండంకెల తేడాకు ఎన్ని రెట్లు?"

"తొమ్మిది రెట్లు."

"అయితే ఇరవై ఏడుల తొమ్మిదులు ఎన్ని?"

"మూడు. అంటే రెండంకెల తేడా మూడు. మొత్తం తొమ్మిది, తేడా మూడు... ఆరు, మూడు. అరవై మూడు మేడం. కొడుకుకు ముప్పై ఆరు."

"చూసిండ్రా అవ్వా? వచ్చు ఈమెకు. మరి పరీక్షల ఎందుకు రాయలేదే?"

"అవ్వ అని చదవంగనే మా అవ్వ యాదికొచ్చింది మేడం. ఇంక x యాడ యాదికొస్తది?"

"ఆగుండ్రి ఆగుండ్రి. నాకొకటి చెప్పు టీచరమ్మా. ఆమెకు అరవై మూడు, కొడుకుకు ముప్పై ఆరు. మంచిగున్నది. వచ్చే ఏడాది ఆమెకు అరవై నాలుగు, కొడుకుకు ముప్పై ఏడు. అప్పుడు తిప్పితే రాదు గదా?"

"రాదు."

"అంటే గీ లెక్క ఒక్క ఏడాదే పనిచేస్తదా? ఆమె పుట్టినరోజు పరీక్షల కన్న ముందే వస్తే పిల్లలంత ఫెయిలేనా?"

"అయ్యో అవ్వా, అది అట్ల కాదు... అంటే, అట్లనే అనుకో... మీ మనవరాలికి ఈ మాటలు యాడికెల్లి వస్తున్నయో ఇప్పుడు సమజైంది నాకు."

"సరే, గది పోనీ. అసలు ముచ్చట అడుగుత. ఆమె కార్డు మీరు చూడలే. ఆమెను అడగలే. అడుగుతందుకు ఆమెనే లేదాయె. రెండు ముచ్చట్లు చెప్పంగనే వయసు బయటవడ్డది. అంతేనా?"

"అంతే."

"అబద్ధం కాకుంట?"

"చెప్పిన ముచ్చట్లు నిజమైతే వచ్చిన జవాబు నిజం."

"ఆ కుర్సీ ఇటెయ్యి బిడ్డా."

"కూసోను అంటివి గద అవ్వా?"

"ఇప్పుడు కూసుంట. టీచరమ్మా, నాది తియ్యి."

"ఏంది?"

"నా వయసు. మార్కుల సంగతి తర్వాత చూస్కుందాం."

"అవ్వా! నువ్వు నా మార్కుల కోసం వచ్చినవా, గీ పని కోసం వచ్చినవా?"

"రెండిటికి వచ్చిన. ఒక్క తొవ్వల రెండు పనులు చేస్కుంటె నీకేమైతాంది?"

"మేడం, ఇది శ్యామలవ్వ పంచాయితీ. నాకు తెలుసు."

"శ్యామలవ్వ ఎవరు?"

"మా పక్కింటామె మేడం. అవ్వకు దోస్తు."

"దోస్తు లేదు ఏం లేదు. వయసు తియ్యిమంటే ఊరి ముచ్చట్లెందుకు? కానియ్యి టీచరమ్మా."

"ఏం పంచాయితీనో చెప్తే తీస్త."

"ఏం లేదు."

"ఏం లేకుంటే వయసెందుకు? అరవై ఉంటే ఏంది, డెబ్బై ఉంటే ఏంది?"

"ఏంది అంటవేంది? ఆమె నాకన్న పెద్దదా, చిన్నదా తేలద్దా? మొన్న చెర్వుగట్టు జాతరకు ఆటోల పోయినం. ముంగట సీటు ఎప్పటికి ఆమెదే. నేను పెద్దదాన్ని అంటది, ఎక్కి కూసుంటది. నాకేమో ఎనుక, మేకపిల్లతోని. ఈసారి నేను ముందుగాల పోయి ముంగట కూసున్న. దిగుమన్నది. దిగనన్న. చిన్నదానివి పెద్దదాని మాట ఇనవా అన్నది. నువ్వు పెద్దదానివని ఎవలు జూసిండ్రు అన్న. గంతే."

"గంతే?"

"గంతే. మాటలు బందు."

"మాటలు బందు మేడం, కని గిన్నెలు బందు లేవు. నన్ను పరేశాన్ చేస్తున్నరు ఇద్దరు. 'మీ అవ్వకు చెప్పు, చింతపులుసు చేసిన అని' అంటది ఆమె. 'ఆమెకు చెప్పు, నాకక్కరలేదని' అంటది ఈమె. నేను గిన్నె పట్టుకొని ఆ ఇంటికెల్లి ఈ ఇంటికి, ఈ ఇంటికెల్లి ఆ ఇంటికి."

"ఆఖరికి ఆ చింతపులుసు ఎవరు తిన్నరు?"

"చింతపులుసు ఏం పాపం చేసింది టీచరమ్మా? నేనే తిన్న."

"ఇద్దరి మధ్య పందెం గూడ ఉన్నది మేడం. అవ్వ పెద్దదని తేలితే శ్యామలవ్వ ఇగ ఈమెను అక్కా అని పిలవాలె."

"అవును. నా లగ్గమైనప్పటికెల్లి నేను ఆమెను అక్కా అంటున్న. ఆమె నన్ను గుర్వీ అంటది. బోనమెత్తితే ముంగట ఆమె, పెండ్లిల ముందు బొట్టు ఆమెకు, చాయ ముందు గ్లాసు ఆమెకు. లెక్క తప్పైతే ఇదంత తప్పే గద?"

"సరే. నిహారికా, లెక్క నువ్వే చెయ్యాలె. నేను ముట్టుకోను."

"నేనా మేడం?"

"నువ్వే. లేని మనుషుల లెక్కలు ఎక్కయి అంటివి గద. ఇగో, ఉన్న మనిషి. ముంగటనే కూసున్నది. ఏం కావాల్నో అడుగు."

"ఏమడగాలె?"

"అది గూడ నేనే చెప్తే నువ్వు చేసేదేంది?"

"అవ్వా... నీ చిన్నప్పటిది ఏదన్న చెప్పు. వయసు గురించి మీ అమ్మ ఏమన్న అనేదా?"

"అనేది. ఒకటి మంచిగ యాదున్నది, రాస్కో. మా తమ్ముడు పుట్టిన నాడు నాకు ఎన్నేండ్లున్నయో, తమ్మునికి గన్నేండ్లు వచ్చేటాళ్లకు నాకు దానికి రెండింతలు వచ్చినయి. మా అమ్మనే చెప్పింది."

"పర్వతాలు తాతనా?"

"ఆఁ, పర్వతాలు. నాకు ఒక్కడే తమ్ముడు."

"మంచి ముచ్చట. తాత పుట్టిన నాడు నీకు x అనుకుందాం. తాతకు x ఏండ్లు వచ్చేటప్పటికి నీకు x ప్లస్ x. అంటే రెండు x... ఆగు. ఆగు అవ్వా. ఇది ఎవలకైన గంతే గద! నాకూ, మా తమ్మునికి గూడ గంతే. ఇది ఏం చెప్పినట్టే కాదు."

"మా అమ్మ చెప్పింది ఏం చెప్పినట్టు కాదా?"

"నిజమే చెప్పింది కని, దాంట్లకెల్లి x బయటికి రాదు అవ్వా."

"శభాష్ నిహారికా. కానియ్యి, ఇంకోటి అడుగు."

"నీ లగ్గం నాడు పర్వతాలు తాతకు ఎన్నేండ్లు?"

"ఏమో, ముక్కు కారుకుంట తిరిగెటోడు. నన్ను అత్తగారింటికి సాగదోలేటప్పుడు నా కొంగు ఇడుస్తలేడు. మా అమ్మ ఏడ్సుకుంట అన్నది, 'వీనికి సరీగ నీల సగం ఏండ్లు, ఇగ వీన్ని ఎవలెత్తుకోవాలె' అని."

"సరీగ సగం? మీ అమ్మకు ఎట్ల తెలుసు అవ్వా?"

"ఎట్ల తెలుసంటవేంది టీచరమ్మా? ఇద్దరిని కన్నది ఆమెనే."

"తప్పైంది. నిహారికా, రాయి."

"లగ్గం నాడు తాత వయసు x. అవ్వది 2x."

"తమ్మునికి మంచిగ పర్వతాలని పేరుండంగ x అనుడెందుకు? పర్వతాలనే రాయి."

"బోర్డు నిండుతది అవ్వా. ఇప్పుడు శ్యామలవ్వ సంగతి. ఆమెకు గూడ తమ్ముడున్నడు గద, దామోదర్ తాత?"

"ఉన్నడు. ఆమె తల్లిగారూరు మా తల్లిగారూరికి పక్కూరే. రెండూర్లకు ఒక్కటే బడి. దామోదర్, పర్వతాలు ఒక్కనాడే ఒకటో తరగతిల చేరిండ్రు. తల మీదికెల్లి చెయ్యి తిప్పితే అవతలి చెవి అందాలె, అప్పుడే చేర్సుకునేది. ఇద్దరికి ఒక్కనాడే అందినయి చెవులు."

"అట్లయితే దామోదర్ తాతది గూడ x. ఆయనకన్న శ్యామలవ్వ ఎంత పెద్ద?"

"ఆరేండ్లు. గది ఊరంతకు ఎరికే. నోరు తెరిస్తే గదే చెప్తది. 'తమ్ముడు పుట్టిన్నాడే నన్ను గొర్లెంబడి తోలిండ్రు, ఆరేండ్లకే నేను మంద కాసిన' అని. నేనైతే ఎన్నడు చెప్పుకోలే, నేను గూడ కాసిన."

"x ప్లస్ ఆరు. మేడం... ఇగో చూడుండ్రి. లగ్గం నాడు అవ్వకు 2x, శ్యామలవ్వకు x ప్లస్ 6. ఇద్దరిల ఎవరు పెద్దో x ను బట్టి ఉంటది. x ఆరు దాటితే అవ్వ పెద్ద. ఆరుకు తక్వ ఉంటే శ్యామలవ్వ పెద్ద. సరీగ ఆరైతే ఇద్దరు ఒక్కటే!"

"మంచిగ చెప్పినవు! ఇది నీ బుక్కుల గూడ లేదు నిహారికా."

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి. నా పెద్దరికం పర్వతాలు చేతుల ఉన్నదా?"

"అవునవ్వా. ఆ రోజు తాతకు ఎన్నేండ్లు అనుకుంటున్నవు?"

"ఐదుంటయేమో. గింతనే ఉండె."

"ఐదైతే నీకు పది, శ్యామలవ్వకు పదకొండు. ఆమెనే పెద్ద."

"గట్లెట్ల! అట్లయితే ఐదు కాదు. ఏడు రాయి."

"నీ ఇష్టమొచ్చింది రాయరాదు అవ్వా."

"ఎనిమిది రాయి. జర పొడుగ్గనే ఉండె ఇప్పుడు యాదికొస్తాంది."

"అవ్వా!"

"మీ టీచరమ్మ ఉన్న అవ్వను ఇడిసి లేని అవ్వను అనుకోవచ్చు, నేను ఉన్న తమ్మున్ని అనుకోవద్దా?"

"మేడం, నవ్వుతరేంది? ఏం చెయ్యాలె ఇప్పుడు?"

"ఇంకో ముచ్చట కావాలె నిహారికా. తాత వయసు గట్టిగ తెలిసిన రోజు ఏదన్న ఉంటదేమో చూడు."

"గట్టిగ తెలిసిన రోజు... అవ్వా, మా బాపు పుట్టిన నాడు పర్వతాలు తాత యాడున్నడు?"

"యాడుంటడు? పరీక్షల కాడ. పదో తరగతి పరీక్షలు నడుస్తుండె. హనుమంతు పొద్దున పుట్టిండు. ఈయన లెక్కల పరీక్ష రాసి సీదా దవాఖానకు వచ్చిండు. చేతుల మసి, అంగీ మీద సిరా. కడుక్కోని ఎత్తుకోరా అన్న."

"పాసయిండా తాత?"

"లెక్కలల్ల పోయింది."

"మేడం, చూసిండ్రా? మాకు ఇది ఇంటి జబ్బు."

"మాటలు తర్వాత. అవ్వా, అది ఆయన మొదటిసారి రాసుడేనా?"

"మొదటిసారే. రెండోసారి మా బిడ్డ పుట్టినప్పుడు రాసిండు. అప్పుడు గూడ లెక్కల నాడే నాకు నొప్పులచ్చినయి. ఆయన పరీక్షకు నా కాన్పుకు గట్లనే కలిసేది."

"అప్పుడు పాసయిండా?"

"లేదు. మూడోది పుట్టినప్పుడు రాస్త అన్నడు. నేను ఆపరేషన్ చేపిచ్చుకున్న. ఇగ రాయలే."

"అయ్యో దేవుడా... నిహారికా, నీళ్లు ఇయ్యి నాకు. నవ్వలేక కడుపుల నొస్తున్నది."

"మేడం, చెవి అందితె ఐదేండ్లకు ఒకటో తరగతి. నడుమ యాడ కూసోకుంట వస్తే పది పరీక్షల నాటికి పదిహేను. అవ్వా, తాత కింది క్లాసులల్ల ఫెయిలైండా?"

"అప్పుడు అందర్ని పై క్లాసుకు తోలేసేది. పది కాడ్నే ఆగిండు."

"పదిహేను. మరి నీ లగ్గమైన ఎన్నేండ్లకు పుట్టిండు మా బాపు?"

"ఎనిమిదేండ్లకు. జాతరైనంక నా లగ్గమైంది. ఎనిమిది జాతర్లు ఉత్త ఒడితోని మొక్కిన. తొమ్మిదో జాతరకు హనుమంతు సంకల ఉండె."

"అయితే x ప్లస్ ఎనిమిది, సమానం పదిహేను..."

"ఊ?"

"x..."

"చెప్పవేందే పిల్లా? పానం పోయేటట్టున్నది నాకు."

"ఏడు. అవ్వా, ఏడు! ఆరు దాటింది! లగ్గం నాడు నీకు పద్నాలుగు, శ్యామలవ్వకు పదమూడు. నువ్వే పెద్ద!"

"టీచరమ్మా, నిజమేనా?"

"నేను చూస్తనే ఉన్న అవ్వా. ఒక్క అడుగు తప్పు లేదు. మీ ముచ్చట్లు నిజమైతే లెక్క నిజం."

"నా ముచ్చట్లు నిజమే. ఇంకోసారి చెప్పు బిడ్డా."

"నువ్వు ఏడాది పెద్ద. బాపు పుట్టినప్పుడు నీకు ఇరవై రెండు. బాపుకు ఇప్పుడు నలభై ఆరు. అంటే నీకు అరవై ఎనిమిది. శ్యామలవ్వకు అరవై ఏడు."

"అరవై ఎనిమిది! చూడు మరి, నా ఏండ్లు నాకు ఇయ్యాల దొరికినయి. ఇగ రానియ్యి ఆమెను. గుర్వీ అని పిలిస్తే పలకనే పలక. 'ఏందే శ్యామలీ' అంట. 'జర చాయ పట్కరా' అంట. పండుగకు బోనం ముంగట నేనే."

"నిహారికా, ఇట్ల చూడు. ఇప్పుడు చేసింది మాటల లెక్కనే గద?"

"అవును మేడం. కని దీంట్ల ఎవరు ఎందుకు ఏం చేసిండ్రో తెలుసు."

"పరీక్షల అడిగేటోళ్లను గూడ ఇట్లనే కూసోపెట్టి అడుగు. ఈ ముచ్చటతోని x బయటికొస్తదా, రాదా అని. మాటలే గద, మాట్లాడు వాటితోని. రేపట్నించి రోజుకు ఒకటి చేసి చూపెట్టాలె నాకు."

"చూపెడ్త మేడం."

"అవ్వా, ఇంకొకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరే పెద్దయితే, అసలు ఆమెను అక్కా అనుడు ఎట్ల మొదలైంది?"

"ఎట్లేముంది? మోసంతోనే మొదలైంది. నేను ఈ ఊరికి వచ్చిన మర్నాడు గొర్ల దొడ్డి ఎనుక కూసోని ఏడుస్తున్న. తమ్ముడు యాదికొచ్చిండు, అమ్మ యాదికొచ్చింది. కొత్త ఊరు. ఎవలు మాట్లాడినా భయమే. గప్పుడు గోడ మీదికెల్లి ఒక పిల్ల తొంగిజూసింది. నాకన్న నెల ముందు వచ్చిన కోడలు పిల్ల. గోడ దుంకి వచ్చి నా పక్కన కూసున్నది."

"ఏమన్నది?"

"'ఏడువకు. నేను నీకన్న పెద్దదాన్ని. ఇయ్యాల్టికెల్లి నన్ను అక్కా అను. నిన్ను ఎవలన్న ఏమన్నంటే నాకు చెప్పు' అన్నది. అక్కా అన్న. గట్ల మొదలైంది."

"చెప్పినవా మరి, ఎవలన్న ఏమన్నంటే?"

"నేను చెప్పేదాంక యాడ ఆగింది బిడ్డా. పిల్లల్లేని ఆ ఎనిమిదేండ్లు నన్ను అననోళ్లు లేరు. ఎవలు నోరు తెరిచినా ఆమె ముంగటవడేది. 'మా చెల్లెను అంటే నేనూకోను' అని. మా అత్తతోని కొట్లాడింది, బాయికాడ కొట్లాడింది. నేనామె ఎనుక నిలబడేది. పెద్దది గద, కొట్లాడ్తది తియ్యి అనుకునేది."

"అవ్వా?"

"ఆఁ?"

"వేళ్ల మీద ఏం లెక్కవెడ్తున్నవు?"

"ఏం లేదు. పదమూడేండ్లు అంటివి గద ఆమెకు?"

"అవును. నీకు పద్నాలుగు, ఆమెకు పదమూడు."

"నీకన్న చిన్నది."

"నాకన్న రెండేండ్లు చిన్నది అవ్వా."

"ఆమె గూడ అప్పుడే తల్లిగారింటి నుంచి వచ్చింది. ఆమె గూడ ఏడ్సే ఉంటది. నేను అడగనే లేదు సూడు."

"నీళ్లు తాగుండ్రి అవ్వా."

"ఏం ఫికర్ లేదు టీచరమ్మా. ఎండలవడి వచ్చిన గద, కండ్లు మండుతున్నయి."

"మేడం! కిటికీలకెల్లి చూడుండ్రి. శ్యామలవ్వ వస్తాంది. గేటు దాటింది."

"నడుచుకుంటనా? గా మోకాళ్లతోని?"

"నడుచుకుంటనే. గోడ పట్టుకొని వస్తాంది."

"బోర్డు తుడువు బిడ్డా."

"ఎందుకు? ఆమెకు చదువ రాదు గదా."

"తుడువు అంటే తుడువు. మొత్తం తుడువు."

"ఏమే గుర్వీ! బడిల కూసోని నా వయసు తీపిస్తున్నవట? కిటికీలకెల్లి చూసిన పిల్లలు ఊర్ల చెప్పిండ్రు. టీచరమ్మా, నేను శ్యామలమ్మను, వీళ్ల పక్కిల్లు. ఎట్లొచ్చిందో గట్లనే చెప్పు, నేనేమనుకోను. నేనే చిన్నదాన్నని వస్తే ఈమెనే అక్కా అంట తియ్యి. మాట్లాడక మాట్లాడక నాకు బువ్వ గూడ సయిస్తలేదు. తేలిపోనీ ఇయ్యాల. ఎవలు పెద్ద?"

"శ్యామలవ్వా, లెక్కల ఏమొచ్చిందంటే..."

"నువ్వు ఊకో బిడ్డా. నేను చెప్త. నువ్వే పెద్దదానివక్కా."